కింది చెరువు అలుగు నుంచి లెక్క మొదలుపెట్టాలి: హైదరాబాద్ వరదనీటి నాలా డిజైన్‌పై కేస్ స్టడీ

2020 అక్టోబర్ 13న హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ వైపు 24 గంటల్లో 32 సెం.మీ. వాన పడింది. బేగంపేటలో దాదాపు 19 సెం.మీ. నమోదైంది. పల్లె చెరువు కట్ట తెగింది. గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు నీళ్లు హైవే మీదికి వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వాన పడి గుర్రం చెరువుకు గండి పడడంతో హఫీజ్‌బాబానగర్ మునిగింది. సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి.

1908 నాటి మూసీ వరదకు నగరం ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టి జవాబు చెప్పారు. అవి నగరానికి పైనుంచి వచ్చే నీటిని ఆపుతాయి. ఇప్పటి ముంపులో ఎక్కువ భాగం నగరం నెత్తిన పడి, డాబాల మీదుగా, సీసీ రోడ్ల మీదుగా నాలాల్లోకి దిగే నీటితో వస్తోంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెం.మీ. పడ్డప్పుడే ఈ సంగతి తేలింది. ఆ తర్వాత నగర నాలాలపై కిర్లోస్కర్ సంస్థ నివేదిక వచ్చింది. 2020 ముంపు తర్వాత వ్యూహాత్మక నాలాల అభివృద్ధి పథకం (ఎస్ఎన్‌డీపీ) తొలి దశను సుమారు 985 కోట్ల రూపాయలతో చేపట్టారు.

ఈ కేస్ స్టడీ ఒక ముక్కకే పరిమితం. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) దాటాక కింది చెరువులో కలిసే నాలాకు ఎడమా కుడీ ఉన్న 120 హెక్టార్ల కాలనీల నీటిని ఎలా దించాలన్నదే ప్రశ్న. పై చెరువు అలుగు నీరు వేరే పాత వాగులో పోతుందనుకుందాం. అంకెలు ఏదో ఒక పేరున్న నాలావి కావు. సరూర్‌నగర్, మల్కాజ్‌గిరి వంటి చోట్ల కనిపించే కొలతలకు దగ్గరగా, లెక్క తేలిగ్గా పట్టుబడేలా గుండ్రంగా తీసుకున్నవి.

పాత నాలా ఎందుకు చాలదు

మన నగరాల పాత వరదనీటి కాలువలను గంటకు 12 నుంచి 20 మి.మీ. వానకు డిజైన్ చేశారని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 మార్గదర్శకాల్లోనే రాసింది. 1993 నాటి మురుగునీటి మాన్యువల్ నివాస ప్రాంతాలకు ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే వానను చాలన్నది. 2019లో కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ (సీపీహెచ్‌ఈఈఓ) వరదనీటికి విడిగా మాన్యువల్ తెచ్చి, మహానగరాల ప్రధాన ప్రాంతాలకు 5 ఏళ్లకోసారి వచ్చే వానను ప్రమాణం చేసింది.

వాన నుంచి నాలాలోకి వచ్చే ప్రవాహాన్ని లెక్కించడానికి వాడేది రేషనల్ పద్ధతి. ప్రవాహ గుణకాన్ని (పడ్డ వానలో ఇంకకుండా పారే వాటా) గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతతోనూ హెక్టార్లలో విస్తీర్ణంతోనూ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఘనపు మీటర్లు, అంటే క్యూమెక్కులు వస్తాయి. ఖాళీ స్థలాలు సగం ఉన్న రోజుల్లో గుణకం 0.5, వాన 20 మి.మీ. అనుకుంటే మన 120 హెక్టార్లకు 3.3 క్యూమెక్కులు.

ఇప్పుడు అదే స్థలంలో నాలుగింట మూడొంతులు డాబాలు, సీసీ రోడ్లు, టైల్స్ వేసిన వాకిళ్లు. వాటికి 0.95, మిగతా పావు భాగానికి 0.5 వేస్తే సగటు 0.84 వస్తుంది, 0.85 తీసుకోవాలి. విపత్తు నిర్వహణ సంస్థ అయితే ముందు ముందు పెరిగే కట్టడాలను దృష్టిలో పెట్టుకుని 0.95 దాకా వాడమంది. పూర్తిగా కాంక్రీట్ అయిపోయిన బస్తీకి అదే సరైనది.

నీరు పోగయ్యే సమయం చూద్దాం. డాబా మీద పడ్డ చినుకు వీధి డ్రెయిన్‌లోకి చేరడానికి 10 నిమిషాలు. అక్కడి నుంచి దూరపు కొస 1,800 మీటర్లు. పక్క డ్రెయిన్లలో వేగం సెకనుకు మీటరున్నర లోపు, ట్రంక్‌లో, అంటే ప్రధాన నాలాలో, 3 మీటర్లు, సగటున 2 అనుకుంటే 15 నిమిషాలు. మొత్తం 25. ఆ వ్యవధికి 5 ఏళ్ల తీవ్రత గంటకు 85 మి.మీ. తీసుకున్నాం. నిజం పనిలో ఈ అంకెను దగ్గరి ఆటోమేటిక్ వర్షమాపకం 15 నిమిషాల డేటా నుంచి తీయాలి, రోజువారీ వానను 24తో భాగించి తీయకూడదు. రోజు మొత్తం 100 మి.మీ. పడ్డా గంటకు 4 మి.మీ.యే కదా అని తేల్చిన నోట్‌షీట్లు ఇంకా ఫైళ్లలో తిరుగుతున్నాయి. ఆ 100లో 60 ఒక్క గంటలో పడొచ్చు.

0.85ను 85తో, 120తో గుణించి 360తో భాగిస్తే 24 క్యూమెక్కులు. పాత 3.3కి ఏడు రెట్లు. వాన తీవ్రత నాలుగు రెట్లు పైగా పెంచి తీసుకున్నాం, నేల కాంక్రీట్ కావడంతో మరో 1.7 రెట్లు కలిసింది. ఆక్రమణలు తొలగిస్తే చాలు, పాత నాలాయే సరిపోతుందని వాదించేవాళ్లు ఈ అంకె చూడాలి. ఆక్రమణలు తీయాల్సిందే. తీశాక కూడా నాలా సైజు పెంచాల్సిందే.

కాగితం మీద సరిపోయిన బాక్స్

వాలు 400కి 1. కాలువ గరుకుదనాన్ని చెప్పే మానింగ్ గుణకం 0.015. కొత్త కాంక్రీట్‌కు 0.013 వాడి డిజైన్ గెలిపించుకోవచ్చు, కానీ రెండు వానాకాలాలు గడిచిన బాక్స్‌లో ఆ నున్నదనం ఉండదు. 3.5 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతు ఉన్న ఒంటిగడి కాంక్రీట్ బాక్స్‌లో (పైకప్పున్న నాలా) నీరు 2.15 మీటర్ల లోతున పారితే వేగం సెకనుకు 3.25 మీటర్లు, ప్రవాహం 24.5 క్యూమెక్కులు. పైన 35 సెం.మీ. ఖాళీ. చాలా అంచనాలు ఇక్కడితో ఆగిపోయి టెండర్‌కు వెళ్తాయి.

ఈ లెక్కలో దాగి ఉన్న షరతు ఏమిటంటే కింది చివర నీరు అడ్డు లేకుండా పడిపోవాలి. మన నాలా చివర చెరువు ఉంది. బాక్స్ చివరి ఇన్వర్ట్ (లోపలి అడుగు) ఆ చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు మట్టం) కన్నా 1.8 మీటర్ల కింద ఉందనుకోండి. సగటు రోజున ఇబ్బంది లేదు. పెద్ద వానలో అలుగు పారుతుంది, పారాలంటే నీరు ఎఫ్‌టీఎల్ పైన నిలవాలి. పై నుంచి వచ్చేవన్నీ కలిపి చెరువు అలుగు మీద 60 క్యూమెక్కులు పోవాలి, అలుగు పొడవు 35 మీటర్లు అనుకుంటే నీరు అలుగు పైన ఒక మీటరు లేస్తుంది (అలుగు గుణకం 1.7). అంటే బాక్స్ చివర నీటి లోతు 2.8 మీటర్లు. బాక్స్ లోపలి ఎత్తు 2.5. పైకప్పు 30 సెం.మీ. మునిగిపోయింది.

మునిగిన బాక్స్ ఇక కాలువ కాదు, పైపు. నిండుగా పారే 3.5 గుణించు 2.5 గడిలో 24 క్యూమెక్కులకు వేగం 2.74 మీటర్లు. దానికి కావాల్సిన ఒత్తిడి వాలు (రాపిడిని దాటడానికి మీటరుకు ఖర్చయ్యే నీటి ఎత్తు) 0.00258. మన అడుగు వాలు 0.0025. అంటే 600 మీటర్లు వెనక్కి వెళ్లినా నీటి ఒత్తిడి రేఖ (బాక్స్‌కు రంధ్రం పెడితే నీరు లేచి నిలిచే మట్టం) పైకప్పు పైన 35 సెం.మీ. దగ్గరే ఉంటుంది. మధ్యలో రెండు మలుపులకు కలిపి మరో 23 సెం.మీ. మొత్తం 58. పైకప్పు స్లాబు 30 సెం.మీ., దాని మీద రోడ్డు 30 సెం.మీ. ఒత్తిడి రేఖ రోడ్డు మట్టానికి 2 సెం.మీ. కింద ఆగింది.

బాక్స్ పగల్లేదు, పొంగలేదు, 24 క్యూమెక్కులూ మోస్తోంది. అయినా కాలనీ మునుగుతుంది. ఎందుకంటే రోడ్డు మీది నీరు క్యాచ్‌పిట్ (రోడ్డు పక్కన నీరు దిగే గుంట) గుండా బాక్స్‌లోకి దిగాలంటే కనీసం 15 నుంచి 20 సెం.మీ. తేడా ఉండాలి. తేడా లేకపోతే నీరు గ్రేటింగ్ మీద కదలకుండా నిలబడుతుంది, పల్లపు సందుల్లో మ్యాన్‌హోల్ మూతల నుంచి తిరిగి పైకి వస్తుంది. ‘కోట్లు పెట్టి కొత్త డ్రెయిన్ కట్టినా మునుగుతున్నాం’ అన్న జనం మాట వెనుక చాలాసార్లు ఉండేది ఈ 58 సెం.మీ.లే.

అలుగు సగం మూసుకుపోతే ఇంకా పాడు. 35 మీటర్లలో 15 మీటర్ల మీద ఎవరో గోడ కట్టారనుకోండి. మిగిలిన 20 మీటర్ల మీద అదే 60 క్యూమెక్కులు పోవడానికి నీరు 1.46 మీటర్లు లేవాలి. చెరువు మరో 46 సెం.మీ. పెరిగినట్టే. ఆ 46 సెం.మీ. నేరుగా కిలోమీటరు ఎగువన ఉన్న వీధిలోకి వస్తుంది. అలుగు దగ్గరి ఆక్రమణతో ఆ వీధి వాళ్లకు ఏ సంబంధమూ లేదు, కనీసం తెలిసి కూడా ఉండదు.

మార్చిన డిజైన్

మూడు మార్గాలున్నాయి. మూడింటినీ కలిపి వాడితేనే ఖర్చు అదుపులో ఉంటుంది.

మొదటిది కింది చెరువు మట్టం. అలుగును పాత పొడవుకు తెరవాలి. నీటి లేపును మీటరు నుంచి 60 సెం.మీ.కు దించాలంటే 76 మీటర్ల అలుగు కావాలి. నేరుగా అంత చోటు దొరకదు కాబట్టి వంకరటింకర అలుగు కట్టొచ్చు, లేదా కట్టలో గేట్లున్న తూము పెట్టి వానకు ముందే చెరువును మీటరు దించి ఉంచొచ్చు. గేటు పెట్టగానే పని అయిపోదు. ఎవరు తెరవాలి, ఏ మట్టానికి తెరవాలి, కరెంటు పోతే చేతితో ఎలా తిప్పాలి, ఇవి కాగితం మీద రాసి తూము గది గోడకు అంటించాలి. దిగువ కాలనీలకు చెప్పకుండా రాత్రిపూట గేట్లెత్తితే ముంపు అక్కడికి మారుతుంది, అంతే.

రెండోది బాక్స్ సైజు. ఒంటిగడి బదులు 2.5 గుణించు 2.5 మీటర్ల జంటగడి పెడితే వేగం 1.92కు తగ్గుతుంది, ఒత్తిడి వాలు 0.00155కు దిగుతుంది. అదే మునిగిన చివర నుంచి 600 మీటర్లు వెనక్కి వస్తే, మలుపులు కలుపుకొన్నా ఒత్తిడి రేఖ పైకప్పు కింద 16 సెం.మీ. దగ్గర ఉంటుంది. రోడ్డుకు 76 సెం.మీ. కింద. క్యాచ్‌పిట్లకు కావాల్సినంత తేడా దొరికింది. మొదటి లెక్కలో 8.75 చదరపు మీటర్లు చాలన్న చోట 12.5 చదరపు మీటర్లు పెట్టాల్సి వచ్చింది. ఎస్టిమేట్ తనిఖీలో ‘సైజు ఎక్కువైంది’ అన్న అభ్యంతరం తప్పక వస్తుంది. ప్రవాహ లెక్కతో పాటు ఒత్తిడి రేఖ గీసిన నిలువు కోత డ్రాయింగ్ జతచేస్తే ఆ అభ్యంతరం నిలవదు.

మూడోది శిఖరాన్ని, అంటే గరిష్ఠ ప్రవాహాన్ని, కోయడం. 25 నిమిషాల పోగు సమయం, 24 క్యూమెక్కుల శిఖరం ఉన్న త్రిభుజపు ప్రవాహ రేఖలో మొత్తం నీరు 36,000 ఘనపు మీటర్లు. శిఖరాన్ని 24 నుంచి 18కి దించాలంటే దాచాల్సింది పై కొసను మాత్రమే, అది 2,250 ఘనపు మీటర్లు. ఆచరణలో నాలా పక్క గోడలో పెట్టే పక్క అలుగు అంత కచ్చితంగా పనిచేయదు గనుక రెట్టింపు, 4,500. ఒక హెక్టారు పార్కును 60 సెం.మీ. లోతు చేస్తే 6,000 ఘనపు మీటర్లు పడుతుంది. నాలా పక్కన పార్కు, ఆటస్థలం దొరికితే ఇంతకన్నా చవకైన పని లేదు. ఒక్క షరతు: నీరు పక్క అలుగు మీదుగా, నాలా 18 క్యూమెక్కులు దాటాకే పార్కులోకి రావాలి. నాలానే పార్కు గుండా పారిస్తే శిఖరం రాకముందే గుంట నిండిపోతుంది, అసలు సమయానికి ఖాళీ ఉండదు.

ఈమధ్య నగరంలో నీరు నిలిచే కూడళ్ల దగ్గర కడుతున్న భూగర్భ సంపులనూ ఇదే కొలమానంతో చూడాలి. 10 లక్షల లీటర్ల సంపు అంటే 1,000 ఘనపు మీటర్లు. రెండు హెక్టార్ల పల్లపు కూడలికి గంటకు 85 మి.మీ. వానలో, గుణకం 0.9 అనుకుంటే, సెకనుకు 425 లీటర్లు వస్తాయి, సంపు 39 నిమిషాలు ఆపుతుంది. మంచి ఫలితమే. అదే సంపును 10 హెక్టార్ల పల్లానికి పెడితే 8 నిమిషాల్లో నిండుతుంది. సెకనుకు 100 లీటర్ల పంపుతో ఖాళీ చేయడానికి రెండు గంటల 45 నిమిషాలకు పైగా పడుతుంది, ఆలోపు రెండో వాన వస్తే సంపు ఉన్నా లేనట్టే.

రోడ్డు నుంచి డ్రెయిన్‌లోకి

పెద్ద బాక్స్ ఖాళీగా పారుతుంటే పైన రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లుండడం కొత్తేమీ కాదు. అదే రెండు హెక్టార్ల పల్లం, అదే 425 లీటర్లు. పక్క గోడలో 150 మి.మీ. పైపు ముక్కలు పెట్టి వదిలేస్తే, రోడ్డు మీద 15 సెం.మీ. నీరు నిలిచినప్పుడు కూడా ఒక్కో రంధ్రం సెకనుకు 13 లీటర్లే మింగుతుంది. 33 రంధ్రాలు కావాలి, అన్నీ శుభ్రంగా ఉండాలి. ఒక పాలిథిన్ కవరు చాలు ఒక రంధ్రానికి.

కర్బ్ రాయి దగ్గర మీటరు వెడల్పు తెరుచుకున్న ఇన్‌లెట్ 10 సెం.మీ. నీటి లోతులో 50 లీటర్లు లాగుతుంది. సగం చెత్తతో మూసుకుపోతుందనుకుని 25 లెక్కించాలి. పల్లానికి 17 ఇన్‌లెట్లు. వీటిని 30 మీటర్లకొకటి చొప్పున సమంగా పంచితే ఉపయోగం లేదు. పది దాకా నీరు చివరకు నిలిచే చోటే గుంపుగా పెట్టి, మిగతావి వాలు మీద ఎగువన పెట్టాలి. ఏది అసలు పల్లమో కంటికి తెలియదు, 5 మీటర్లకొక లెవెల్ తీస్తేనే తేలుతుంది. గ్రేటింగ్ కడ్డీలు వాహనం దిశకు అడ్డంగా ఉండాలి, లేకపోతే సైకిల్ చక్రం దిగుతుంది. ప్రతి క్యాచ్‌పిట్ అడుగున 30 సెం.మీ. ఇసుక గుంట, లోపలి పైపు కనీసం 300 మి.మీ.

రోడ్డు మీద రోడ్డు వేయడం ఇంకో తలనొప్పి. పాత తారును గీకి తీయకుండా ప్రతిసారీ 5 సెం.మీ. పొర వేస్తే, నాలుగు పొరలకు ఇన్‌లెట్ నోరు మూసుకుపోతుంది, ఇళ్ల గుమ్మాలు రోడ్డు కిందకు వెళ్తాయి.

కట్టేటప్పుడు

పని కింది నుంచి పైకి జరగాలి. అలుగు, తర్వాత చెరువులో కలిసే ముక్క, తర్వాత ఎగువ. స్థలం వివాదం లేని చోట ముందు మొదలుపెడదామన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది, వివాదం లేని చోటు చాలాసార్లు ఎగువనే ఉంటుంది. ఎగువన 24 క్యూమెక్కుల బాక్స్ పూర్తయి, దిగువన పాత 3.3 క్యూమెక్కుల సందు మిగిలితే, రెండూ కలిసే చోటి ఇళ్లకు ఇంతకుముందు లేని వరద తెచ్చిపెట్టినట్టే.

డిసెంబర్ నుంచి మే దాకా దొరికే ఆరు నెలల్లో ఎండ రోజుల్లోనూ నాలాలో మురుగు పారుతూనే ఉంటుంది. దాన్ని పైపులో మళ్లించి, లేదా పంపుతో ఎత్తిపోసి తవ్వాలి. హైదరాబాద్‌లో రెండు మూడు మీటర్లకే గ్రానైట్ షీట్‌రాక్ తగలొచ్చు. ఇళ్ల పక్కన పేలుడు కుదరదు, బ్రేకర్‌తోనో రసాయన పొడితోనో పగలగొట్టాలి, రోజు పని మీటర్ల నుంచి అడుగులకు పడిపోతుంది. అందుకే 50 మీటర్లకొక బోరు వేసి రాయి మట్టం ముందే తెలుసుకోవాలి. పాత ఇళ్ల పునాదులు చాలావరకు మీటరు లోతు కూడా దాటవు, 3 మీటర్ల తవ్వకానికి షీట్ పైల్ (పక్కపక్కనే నేలలోకి దింపే ఉక్కు పలకలు) ఊత తప్పనిసరి.

చెరువు దగ్గరి ముక్కలో బాక్స్ తేలే ప్రమాదాన్ని చాలామంది చూడరు. 30 సెం.మీ. మందం గోడలున్న 3.5 గుణించు 2.5 బాక్స్ మీటరు పొడవుకు 99 కిలోన్యూటన్ల బరువు. భూగర్భ జలం బాక్స్ తల దాకా వస్తే పైకి తోసే బలం 125. పైన 30 సెం.మీ. మట్టి 22 కలిపినా 121. ఖాళీ బాక్స్ లేచి, జాయింట్లు విడిపోతాయి. అడుగు స్లాబును రెండు పక్కలా 30 సెం.మీ. బయటకు పొడిగిస్తే దాని మీది మట్టి కలిసి బరువుకూ తోపుకూ నిష్పత్తి 1.15కు వస్తుంది. మట్టి కప్పకముందే మే నెల అకాల వాన పడితే? బాక్స్‌లోకే నీళ్లు వదిలి బరువు పెంచాలి.

నాలాకు అడ్డంగా పోయే తాగునీటి పైపులు, కేబుల్ డక్టులు ముందే మార్చాలి. బాక్స్ మధ్య ఎత్తులో అడ్డంగా మిగిలిన ఒక్క 300 మి.మీ. పైపు మొదటి వరదకే పరుపులు, కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ పట్టుకుని చిన్న ఆనకట్ట అవుతుంది.

బఫర్ సంగతి కూడా డ్రాయింగ్ మీదే గుర్తించాలి. 2012 నాటి 168వ జీవో ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు పక్కన 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు. ఆ 2 మీటర్లలో పూడిక తీసే యంత్రం నడవదు, అందుకే పూడిక దారులు బాక్స్ పైనుంచే ఇవ్వాలి.

పూడిక

30 సెం.మీ. పూడిక 2.5 మీటర్ల లోతులో 12 శాతమే. కానీ అడుగు గరుకెక్కడం వల్ల మానింగ్ గుణకం 0.0175 దాకా పెరుగుతుంది, మొదట చెప్పిన ఒంటిగడి 24.5 నుంచి 17 క్యూమెక్కులకు పడుతుంది. 30 శాతం పోయినట్టు. జంటగడిలో వేగం తక్కువ కాబట్టి పూడిక త్వరగా పేరుతుంది, ఈ బలహీనతను ఒప్పుకునే ఆ డిజైన్ తీసుకోవాలి. ఒక గడి అడుగును 15 సెం.మీ. పైకి కట్టి, ఎండాకాలపు మురుగు మొత్తం రెండో గడి మధ్య సన్నటి గాడిలో పారేలా చేస్తే సగం సమస్య తగ్గుతుంది.

ప్రతి 30 మీటర్లకు మనిషి దిగనక్కర్లేకుండా యంత్రపు తొట్టి దిగేంత, 1.2 గుణించు 1.2 మీటర్ల ఎత్తగలిగే మూత ఉండాలి. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం తర్వాత మనిషిని దింపే ప్రశ్నే లేదు. పూడికతీత ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, ఆగస్టులో మరోసారి. బిల్లు ట్రిప్పుల లెక్కన ఇస్తే లారీలు తిరుగుతాయి, పూడిక తిరగదు. ప్రతి మూత దగ్గర పనికి ముందు, తర్వాత అడుగు మట్టం కొలిచి, ఆ తేడాకు డబ్బివ్వాలి. తీసిన మట్టిని ఆ రోజే తరలించాలి, నాలా గట్టు మీద పోస్తే మరుసటి జల్లుకు మళ్లీ లోపలికే.

డిజైన్ దాటిన వాన

ఘట్‌కేసర్‌లో పడ్డ 32 సెం.మీ.కు ఏ 5 ఏళ్ల బాక్సూ చాలదు. అప్పుడు నీరు రోడ్డెక్కుతుంది. ఏ రోడ్డు ఎక్కాలో మనమే నిర్ణయించాలి. బాక్స్ పైన ఉన్న రోడ్డును మధ్యలో 15 సెం.మీ. పల్లంగా చేసి, చెరువు వైపు వరుసగా వాలు ఇచ్చి, చివర కాంపౌండ్ గోడ అడ్డురాకుండా తెరిచి ఉంచితే అదే రెండో నాలా అవుతుంది. ఆ దారిలో ఉన్న అపార్ట్‌మెంట్ల సెల్లార్ ర్యాంపు మొదట్లో రోడ్డు కన్నా 30 సెం.మీ. ఎత్తైన గట్టు వేయించాలి. కరెంటు ప్యానెల్, జనరేటర్, లిఫ్ట్ మోటారు సెల్లార్‌లో ఉంటే పైకి మార్పించాలి. ఇళ్ల అనుమతుల విభాగం ఈ దారి మ్యాపును దగ్గర పెట్టుకుంటేనే ఇది జరుగుతుంది. ప్రస్తుతం ఆ మ్యాపు చాలా చోట్ల నాలా ఇంజనీరు కంప్యూటర్ దాటి బయటకు రావడం లేదు.